రామలక్ష్మి గుండు, నా జడ

2023లో నేను నల్లమాడలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రంలో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేసేదాన్ని. మాట, ఆట, కుదురుగా కూర్చోవడం నేర్పే పని. అప్పటికి నా కొడుక్కి ఏడాదిన్నర. సాయంత్రం ఇంటికెళ్లి చేతులు చాపితే, వాడు మా అత్త మెడలో ముఖం దాచుకునేవాడు. ఆమె నవ్వేది. నాకు ఒళ్లు మండేది. వాడికీ ఏదైనా లోపముందేమోనని రోజూ పేరు పెట్టి పిలిచి చూసుకునేదాన్ని.

కేంద్రానికి వచ్చే మౌనికకు ఆరేళ్లు, ఆటిజం. మాటల్లేవు. పాపకు మాటలు రావాలని, నడుం దాటే జడ ఉన్న తల్లి రామలక్ష్మి కదిరిలో తలనీలాలిచ్చింది. ఒక సోమవారం గుండుతో వచ్చింది. మౌనిక, తల్లి చెయ్యి విదిలించుకుని పరుగున వచ్చి నా జడ పట్టుకుంది.

"మూడు దినాలాయె మేడం, నా చేత ముద్ద తినల్యా. మీ తావకైతే ఉరికొచ్చె. ఏం పెడ్తాండారు దానికి?"

"ఏమీ పెట్టలేదక్కా."

"మరి బిడ్డ నాదా, మీదా?"

నా జడను మౌనిక చేతిలోనే ఉండనిచ్చాను. లోపల హాయిగా ఉంది. నా కొడుకు రానన్నా, ఒక బిడ్డ నా దగ్గరికి వచ్చింది.

బుధవారం అంగన్‌వాడీ టీచర్ ఏదో సంతకానికి వచ్చింది. ఆమె జడ నాకంటే పొడుగు. మౌనిక నన్ను వదిలేసి ఆమె జడ పట్టుకుంది. ముందు ఆమె మీద కోపమొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ముఖాలను గుర్తుపట్టే పనిని మేం ఫేస్ ప్రాసెసింగ్ అంటాం. ఆటిజం ఉన్న కొందరు పిల్లలు ముఖం కన్నా జుట్టు, కళ్లద్దాల వంటి గుర్తులతో మనుషులను పోల్చుకుంటారు. ఇది నేను చదువుకున్నదే. గుండు చూసిన సోమవారమే తట్టింది కూడా. నోరు విప్పలేదు.

జడ ముడేసుకుని, తల మీద కొంగు కప్పుకుని రామలక్ష్మిని పిలిచాను.

"ఇంట్లో ముద్ద పెట్టేటప్పుడు ఏం చేస్తావక్కా?"

"ఈపు రుద్దుతా పాడుకుంటా. ఎందుకు మేడం?"

"దాని ముందుకు రావద్దు. వెనకాల కూర్చుని అట్లే చెయ్యి."

రామలక్ష్మి పాడుతూ వీపు రుద్దింది. మౌనిక తిరిగి చూడలేదు. కాసేపటికి వెనక్కి వాలి, తల్లి ఒళ్లో ముద్ద కోసం నోరు తెరిచింది.

"నా బిడ్డే! సూడు మేడం, నా బిడ్డే!"

చూశాను. అప్పుడు కూడా నాకు ఈర్ష్యగానే ఉంది.

పిల్లలు పరుగున నా దగ్గరికొస్తే, దేన్ని చూసి వచ్చారో ఇప్పుడు ముందుగా వెతుకుతాను. సోమవారమే చెప్పి ఉంటే ఆ తల్లి రెండు రోజుల ముందే బిడ్డకు అన్నం పెట్టుకునేది.