నిలబెట్టిన బోర్డు

మా పిన్ని చేసే ఉద్యోగమేమిటో ఇంట్లో ఎవరికీ సరిగా అర్థమయ్యేది కాదు. "వాతావరణం గురించి దేశాలతో దెబ్బలాడుతుంది. ప్రాక్టీసు మాత్రం నా మీద," అనేవాడు బాబాయి.

ఆ సభల్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి బల్ల మీదా దేశం పేరు రాసిన బోర్డు అడ్డంగా ఉంటుంది. మాట్లాడాలనుకున్నవాళ్లు చెయ్యెత్తరు, బోర్డును నిలువుగా పెడతారు. ఏ బోర్డూ లేవకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. అధ్యక్షుడు సుత్తి కొట్టి ఖాయం చేసేస్తాడు. పిన్ని ఈ అలవాటును మా భోజనాల బల్ల దాకా తెచ్చింది. అభ్యంతరముంటే మంచినీళ్ల గ్లాసుకు మూతను ఆనించి నిలబెట్టాలి. కూరలో ఉప్పు ఎక్కువైన రోజు బల్లంతా మూతలే.

ఉద్యోగమంతా ఆవిడ ఒప్పందంలో ఒక్క మాట కోసం పోరాడింది. సముద్రం మింగేస్తున్న ఊళ్లవాళ్లకు, పొగ వదిలిన దేశాలు పరిహారం "ఇవ్వాలి". "ఇవ్వవచ్చు" కాదు, "ఇవ్వాలి". పక్క బల్ల దగ్గర ఓ చిన్న దీవి ప్రతినిధి కూర్చునేది. "మీ బోర్డు లేస్తే మాదీ లేస్తుంది," అనేదట పిన్నితో. అంత నమ్మకం.

పిన్నికో శిష్యుడుండేవాడు. ఓనమాల నుంచి ఆ పని నేర్పింది ఆవిడే. మా ఇంట్లోనే తిని తిరిగేవాడు. పైవాళ్లను ఎలా మంచి చేసుకున్నాడో గానీ, ఆవిడను దాటుకుని మన దేశ బృందానికి నాయకుడయ్యాడు. పిన్ని సంతోషించింది కూడా! నాకైతే అప్పుడే ఒళ్లు మండింది.

చివరి సమావేశంలో అధ్యక్షుడు ఆ వాక్యం చదివాడు. "ఇవ్వవచ్చు" అని ఉంది. పిన్ని వెంటనే బోర్డు నిలబెట్టింది. పక్కనే ఉన్న శిష్యుడు చెయ్యి చాచి దాన్ని మెల్లగా పడుకోబెట్టాడు.

"పైనుంచి ఫోనొచ్చిందక్కా. ఒప్పేసుకోమన్నారు."

"ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దున్నే."

నిన్నంతా పిన్ని గది గదికీ తిరిగి, గొంతు పోయేలా మాట్లాడి అందరినీ కూడగట్టింది. అతను చూస్తూ ఊరుకున్నాడు. దీవి ఆవిడ మన బల్ల వైపు ఒకసారి చూసి, సగం లేపిన తన బోర్డును దించేసింది. సుత్తి పడింది. ఆవిడ మళ్లీ పిన్నితో మాట్లాడలేదు.

"వాడు నన్ను మోసం చేశాడు. ఆవిడ లెక్కలో మాత్రం మోసం చేసింది నేను," అని పిన్ని ఇంటికొచ్చి ఏడ్చింది.

పదవీ విరమణ రోజున ఆ బోర్డునే జ్ఞాపికగా ఇచ్చారు. సిగ్గన్నా ఉండాలి! అది చాలదన్నట్టు, తర్వాతి ఆదివారం శిష్యుడు పిలవకుండానే భోజనానికి దిగాడు. పిన్ని అన్నీ వడ్డించింది. లోపలి నుంచి బోర్డు తెచ్చి, ఇద్దరి మధ్యా నిలువుగా పెట్టి కూర్చుంది.

"నిన్నొక మాట అడగాలి," అంది.

"మనలో మనకి బోర్డేంటక్కా! నీ మొహమే కనబడట్లేదు," అని నవ్వుతూ, ఎడం చేత్తో దాన్ని పడుకోబెట్టాడు.

అందరం పడుకున్న ఆ బోర్డు వైపే చూశాం. అతనికి అర్థమయ్యేసరికి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తిను," అంది పిన్ని. "నేనడగాల్సింది అయిపోయింది."