మేక తెరిచిన తలుపు

తవిటయ్య చేతులు తలుపు బందులకు గ్రీజు పూస్తున్నాయి. సిద్ధగోరా బస్తీలో పైడమ్మ పశువుల పాకకు ఆ ఇనుప తలుపు చేసింది ఆయనే. కాంట్రాక్టు ఫిట్టరుగా ఉక్కు ప్లాంటులో ఎన్నో తలుపులు బిగించాడు. వాటన్నిటికీ ఒకటే నియమం: లోపల చిక్కుకున్న మనిషి తోస్తే చాలు, తెరుచుకోవాలి. పాకలో ఎండుగడ్డి ఉంది, నిప్పంటుకుంటే? అందుకే దీనికీ లోపలివైపు అడ్డంగా తోపుడు కడ్డీ పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ పరుగున వచ్చింది. వెళ్లి చూస్తే పాక ఖాళీ. చూడి ఆవు లేదు, అది పక్కన లేనిదే మేత ముట్టని మేక లేదు, ఆ రెంటి వెంట తిరిగే బాతూ లేదు.

“దొంగలేటమ్మా?”

“దొంగలు బాతుని కూడా తోలుకుపోతారేటి, అన్నియ్యా? ఇలా సూడు.”

కడ్డీకి మేక వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. తోసింది మేకే. ఆవు రేపో మాపో ఈనాలి. పైడమ్మ ఇల్లు నడిచేది దాని పాలమీదే. బయట చూస్తే లారీల రోడ్డు.

ఇద్దరూ సందులన్నీ గాలించారు. ఈలోగా స్కూటీ మీద వెతకబోయిన పైడమ్మ కూతురు రజని ఫోన్ చేసింది.

“మమ్మీ, మిల్ గయే. తీనో నదీ పే హై.” మూడూ నది దగ్గర దొరికాయట.

సువర్ణరేఖ ఒడ్డున మేక ఎవరో వదిలిన బంతిపూల దండలు నములుతోంది. ఆవు మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉంది. బాతు దాని చుట్టూ ఈదుతోంది. పైడమ్మ చీరతోనే నీళ్లలోకి దిగి ఆవు డొక్కమీద అరచెయ్యి ఆనించింది.

“కదుల్తంది,” అని ఒడ్డుకొచ్చి బండమీద కూలబడింది. ఆమె పక్కనే తవిటయ్యా కూర్చున్నాడు.

“నీ తలుపు మనుసులకి మంచిదే, అన్నియ్యా. మేకకి మరీ మంచిది.”

“దానికి ప్లాంటులో గేట్‌పాస్ ఇప్పించీమంతావేటి?”

పాకకు తిరిగి రాగానే తవిటయ్య కడ్డీ కోసేసి గడియ మార్చాడు. తోస్తే రాదు, పైకెత్తి పక్కకు లాగాలి. చేతులున్నవాళ్లకే అది సాధ్యం. మేకను లోపల ఉంచి తలుపు మూశాడు. అది రెండు కొమ్ములతో కుమ్మింది, విసిగింది, పోయి ఆవు పక్కన పడుకుంది.

“ఇప్పుడు నువ్వెళ్లమ్మా.”

పైడమ్మ లోపలికెళ్లి మూసుకుంది. గడియ ఎత్తి, లాగి, బయటికొచ్చింది. తవిటయ్య చేతులు తుడుచుకుని సంచి భుజాన వేసుకున్నాడు.

“ఇంక ఈ తలుపు నీదమ్మా.”