పుంగనూరు మూల మలుపు

కరోనా తగ్గి బస్సులు మళ్లీ నిండుగా తిరగడం మొదలైన వేసవిలో, మదనపల్లెలో టౌన్ ప్లానింగ్ అధికారిగా ఉన్న నాకు పుంగనూరు అదనపు బాధ్యత అప్పగించారు. అదనపు బాధ్యత అంటే ఉన్న కుర్చీ వదలకుండా ఇంకో కుర్చీలో కూడా కూర్చోవడం. పదవీ విరమణ దగ్గరపడిన వాళ్లు సాధారణంగా ఇలాంటివి తప్పించుకోవాలని చూస్తారు. నేను సంతోషంగానే వెళ్లాను. నా చదువుకు తగిన పని అప్పటిదాకా నాకు ఒక్కటీ దొరకలేదు.

ఆ చదువు అర్బన్ డిజైన్. మాది కలకడ దగ్గర పల్లె. అమ్మానాన్నలు వేరుశనగ చేలల్లో కూలికి పోయేవారు. ఆర్కిటెక్చర్ పూర్తయ్యాక ఇంకా చదువుతానంటే, ఇండ్లు కట్టేది నేర్చుకున్నావు గదా, ఇంకేముంది నేర్చుకునేదానికని నాన్న అడిగాడు. ఇంటికీ ఇంటికీ నడుమ ఉండేదని చెప్పాను. వీధి, మలుపు, బస్సు ఆగే చోటు, మనుషులు నడిచే దారి ఒకదానితో ఒకటి ఎలా అమరాలో చూసేదే ఈ వృత్తి. నాన్నకు అర్థమైందో లేదో గానీ చదవనిచ్చాడు. ఉద్యోగంలో చేరాక మాత్రం ఏళ్ల తరబడి నా బల్ల మీదికి వచ్చినవి ఇళ్ల అనుమతులు, అక్రమ అంతస్తుల నోటీసులు.

పుంగనూరులో నాకు అప్పగించిన పని రోడ్డు వెడల్పు. మదనపల్లె నుంచి కుప్పం వైపు పోయే బస్సులు బస్టాండు దగ్గర ఒక మూల తిరగాలి. ఒక్కసారికి తిరగలేక ముందుకీ వెనక్కీ ఆడేవి. అంతసేపూ నాలుగు వైపులా బండ్లు నిలిచిపోయేవి. దుకాణాల వరసను కొంత లోపలికి కొట్టేయాలన్న ప్రతిపాదన నేను వచ్చేసరికే సిద్ధంగా ఉంది. మార్కింగ్ కూడా అయిపోయింది. మార్కింగ్ అంటే ఎంత మేర పోతుందో గోడ మీద ఎర్ర రంగుతో గీత గీయడం.

నేను మొదటిరోజు అక్కడ తిరుగుతుంటే మునెప్ప అనే దర్జీ పిలిచి తన గోడ చూపించాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ కొట్టులోనే కుడుతున్న మనిషి. గొంతు పెంచకుండా మాట్లాడాడు.

"గీతకు ఆ పక్కంతా రోడ్డంట మేడమ్. ఈ పక్క మిగిలేదాంట్లో మిషను కూడా పట్టదు. నేను యాడ కూర్చోవల్ల?"

చూస్తానని మాత్రం చెప్పాను. చేతిలో లేనిదానికి మాట ఇవ్వకూడదు.

తరువాత కొన్ని రోజులు ఆ మూలను రకరకాల వేళల్లో గమనించాను. పొడవైన బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు. లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ఆ జాడను పటం మీద గీసి చూస్తే సంగతి బయటపడింది. బస్సుకు అడ్డం దుకాణాలు కావు. మూల లోపలి వైపున వాడకంలో లేని మున్సిపల్ షెడ్డు ఒకటి, దాని ముందు నిలిచే ఆటోలు. కూల్చవలసింది నిజంగానే ఒకటి ఉంది, కానీ అది మాదే.

కమిషనర్ నా పటాన్ని శ్రద్ధగానే చూశారు. ఆయన నా కంటే చిన్నవాడు, జాగ్రత్తపరుడు. కాగితం మీద ఏ బస్సయినా తిరుగుతుంది కదా మేడమ్ అన్నారు. అయితే నేల మీదే చూద్దామన్నాను. షెడ్డు తీసేయిద్దాం, సంత రోజున బస్సు తిప్పి చూద్దాం, తిరగకపోతే వెడల్పు ఫైలు మీద మొదటి సంతకం నాదే అని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఆ వారంలోనే షెడ్డు కూల్పించాను.

ఆటోవాళ్లు ఒక పట్టాన కదలలేదు. చోటు మారితే గిరాకీ పోతుందని వాళ్ల భయం. అది అబద్ధమూ కాదు. అందుకే స్టాండును దూరంగా తోయకుండా, బస్సు దిగినవాళ్లు నడిచి వచ్చే దారి పక్కనే గీశాను. చౌడేపల్లెకు ఆటోలు నడిపేవాళ్లు ముందు వచ్చి నిలిపారు. వాటిలో మనుషులు ఎక్కడం చూసి మిగతావాళ్లూ వచ్చారు.

సంత రోజు పొద్దున సున్నంతో కొత్త అంచులు గీయించి, ఇసుక బస్తాలు పేర్పించాను. దుకాణాలవాళ్లందరూ అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. కమిషనర్ కూడా వచ్చారు. కుప్పం పోయే బస్సు నిండా జనంతో వచ్చింది. మలుపులోకి దిగింది. వెనక చక్రం బస్తాల పక్కనుంచి, ఒక్కదాన్నీ తాకకుండా, నేను గీసిన జాడలోనే పోయింది. బస్సు ఎక్కడా ఆగలేదు.

మలుపు దాటాక డ్రైవరు బండి ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఈ మూలన రివర్సు లేకుండా తిప్పింది ఇదే మొదలు మేడమ్. సున్నం వానకు పోతాది, రాళ్లు పెట్టించండి."

అరుగుల మీద చప్పట్లు మోగాయి. ఆ రోజంతా వచ్చిన ప్రతి బస్సూ అలాగే తిరిగింది. సాయంత్రం కమిషనర్ వెడల్పు ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నట్టు రాయించి, నా పటం మీద ఆమోదం సంతకం చేశారు. నా ఉద్యోగంలో అర్బన్ డిజైన్ అన్న మాట ఉన్న కాగితానికి ఆమోదం రావడం అదే మొదటిసారి. మదనపల్లెకు వెళ్లే బస్సులో నన్ను చూసేవాళ్లు ఏమనుకుంటారో అన్న ఆలోచన కూడా లేకుండా నవ్వుకుంటూనే కూర్చున్నాను.

నెల తిరగకముందే మూలకు రాతి అంచులు పడ్డాయి. మునెప్ప గోడకు సున్నం వేయించి ఎర్ర గీత చెరిపేశాడు. ఆ తరువాత కుప్పంలో బస్టాండు వీధిని చూసిపెట్టమని పిలిచారు. ఈసారి గోడల మీద రంగు పడకముందే పిలిచారు. రిటైరయ్యేలోగా ఆ వీధికీ, మదనపల్లెలో రెండు కూడళ్లకీ నేనే రూపం ఇచ్చాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇది. రోడ్డు ఇరుకుగా ఉందని ఫిర్యాదు వస్తే, ఉన్న చోటును ఏది ఆక్రమించి ఉందో ముందు చూడండి. అది ప్రభుత్వానిదైతే దాన్నే ముందు తీయించండి. పటాన్ని నమ్మమని ఎవరినీ అడగకండి, నేల మీద గీసి బండి నడిపించండి. అది తిరిగితే మీరు వాదించవలసిన పని ఉండదు.