అలికిన కల్లం మీద బ్రేకుల్లేని బండి

యుద్ధం ముగిసింది, పెట్రోలు మళ్లీ దొరుకుతున్నది. మోటారు సైకిళ్ల పందేలు కూడా మళ్లీ మొదలవుతాయంటున్నారు. పందెం చూడటానికి గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా పోయేదెట్లా అని కొందరు నన్ను అడిగారు. నేను ఆ దారిన పోయింది యుద్ధానికి ముందు, ఒక మాఘమాసంలో, మా వీధి నేతగాళ్ల ఇంటి నర్సింలు వెంట. మట్టి బాట మీద గుండ్రంగా తిరిగే పందేల్లో బండి నడపడం అతని బతుకుదెరువు. సికింద్రాబాదులో ఒక మోటారు షాపులో బండ్లు కడగడంతో మొదలుపెట్టి మద్రాసు, బెంగుళూరు, బొంబాయి దాకా పోయాడు. బొంబాయిలో పడి ఎడమ మోకాలు విరిగాక రెండేళ్లు ఎవరూ పిలవలేదు. చివరికి మద్రాసు కంపెనీ నుంచి కార్డు వచ్చింది. నాగర్‌కర్నూలులో తమ మనిషి చూస్తాడనీ, నాలుగు చుట్లు సరిగా తిరిగితే ఈ ఏడాది పందేలకు తీసుకుంటామనీ, లేకపోతే బండిని అక్కడే అప్పజెప్పాలనీ అందులో ఉంది. బండి కంపెనీదే. "ఒక్కణ్ణే పోబుద్ధయితలేదన్నా" అన్నాడు. నేనూ బయల్దేరాను.

పొద్దున ఆరున్నర రైలుకు గద్వాలలో ఎక్కాము. మాకు మూడో తరగతి, బండికి గార్డు డబ్బా. వంతెన మీద రైలు మెల్లగా పోతుంటే కింద కృష్ణ కనిపించలేదు, పొగమంచే కనిపించింది. నల్లటి బండరాళ్లు అందులో తేలుతున్నట్టున్నాయి. ఒక పుట్టి కదలకుండా నిలిచి ఉంది, అందులో మనిషి తెడ్డు ఎత్తి పట్టుకుని మా వైపే చూస్తున్నాడు. వంతెన దాటేదాకా ఆ తెడ్డు దిగలేదు. నర్సింలు కాలు చాపి మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

వనపర్తి రోడ్డు స్టేషనులో దిగితే తొమ్మిదింటికి బస్సు దొరుకుతుంది. వనపర్తి దాకా మనిషికి ఆరణాలు. బండిని పైకెక్కించడానికి డ్రైవరు ఒప్పుకోలేదు.

"మోటరు సైకిలుకు బస్సెందుకు? ఎక్కి నడుపుకుంట రారాదు?"

"దీనికి బ్రేకులు లేవు" అన్నాడు నర్సింలు.

"దీపం?"

"అది గూడ లేదు."

"మరేమున్నది దీనికి?"

"ఇంజను."

డ్రైవరు బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "అమ్మినోడు హుషారోడే" అని, బండికి ఇద్దరు మనుషుల టికెట్టు తీసుకుని పైన కట్టించాడు.

వనపర్తిలో బస్సులు ఆగేచోట ఒక ముసలామె జొన్నరొట్టె, పుంటికూర పెడుతుంది. ఇద్దరికీ కలిపి మూడణాలైంది. నర్సింలు సంచిలోంచి జారిన ఇనుప చెప్పును ఆమె ఎత్తి చూసింది. మలుపులో ఎడమ కాలు నేలకు ఆనించి జార్చడానికి దాన్ని తొడుక్కుంటారు.

"ఒక్కటే ఉన్నది. రెండోది యాడబోయింది కొడుకా?"

"రెండో కాలుకు పనిలేదవ్వా."

"నా మొగడు రెండు కాళ్లకూ పనిజెప్పకపోయె" అంటూ ఇంకో రొట్టె వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

పన్నెండు గంటల బస్సుకు బయల్దేరి, బిజినేపల్లిలో అరగంట ఆగి, రెండున్నరకు నాగర్‌కర్నూలు చేరాము. దారి పొడవునా కోసిన జొన్న చేలు. ఎండలో అవి కదులుతున్నాయో బస్సు కదులుతోందో తెలియకుండా నేను నిద్రలోకి పోయి వచ్చాను.

ఊరి చివర రైతుల కల్లాలన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఈ నాలుగు చుట్ల కోసం వాటిని కలిపి పెద్ద చుట్టు చేశారు. నేల చదునుగా ఉండాలి, రాయి ఉండకూడదు అని కంపెనీవాళ్లు రాశారట. ఈ ఊరివాళ్లకు తెలిసిన చదును నేల కల్లమే. నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికారు. ఆ నేల అద్దంలా మెరుస్తోంది. నర్సింలు చెప్పులు విడిచి దాని మీద సగం దూరం నడిచి ఆగిపోయాడు.

"గింజ పడితె ఏరుకోవచ్చు. బండి మాత్రం జారదన్నా, గట్టి నేల చక్రాన్ని పట్టుకుంటది."

"జారకపోతె మంచిదే గద."

"జారితెనే తిరుగుతది. లేకపోతె సక్కగ పోయి జనంల పడుత."

కంపెనీ మనిషి కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఐదింటికి మొదలుపెట్టాలన్నాడు. ఆపైన వెలుతురుండదు, మర్నాడు ఉండటం తనకు కుదరదు. అలికిన ఆడవాళ్లు ఒక పక్క కూర్చుని ఉన్నారు. వాళ్ల వెనక జొన్న కంకుల కుప్పలు. వాళ్లలో పెద్దది ఈదమ్మ. నర్సింలు ఆమె దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఏంది కొడుకా?"

"రెండు మలుపులు గుల్ల చెయ్యాలె అవ్వా."

"మూడు దినాలు అల్కినం. రేపటిసంది జొన్నలు గీడనె తొక్కియ్యాలె."

"నేను ముందుగాలనే చెప్పాల్సుండె. తప్పు నాదే."

"చెయ్యకపోతె?"

"బండి ఆయన తీస్కపోతడు. నేను మగ్గం గుంతల గూసోవాలె. ఈ కాలు గుంతల వంగదు."

ఆమె అతని మోకాలు చూసింది. పక్కవాళ్లెవరో గొణిగారు. ఈదమ్మ లేచి కొంగు దులుపుకుంది.

"గుంటకలు కట్టమనుండ్రి. రెండు మలుపులే. నడుమ ముట్టొద్దు."

రెండు జతల ఎద్దులు గుంటకలు లాగుతుంటే అలికిన పెళ్లలు లేచాయి. తామే అలికిన నేల చెడుతుంటే ఆడవాళ్లు చూస్తూ కూర్చున్నారు. అడ్డం వచ్చిన రాళ్లను ఈదమ్మే ఏరి ఒడిలో వేసుకుంది.

ఐదుంబావుకు బండి మొదలైంది. మొదటి మలుపులో వెనక చక్రం పక్కకు జారి, మట్టి తెరలా లేచింది. పడుతున్న పొద్దు ఆ దుమ్ములో నిలిచిపోయింది. బండి కనిపించలేదు. చప్పుడు మాత్రం మెల్లగా పక్కకు వంగుతూ పోయింది, అవతలి పక్క మనిషి బయటికి వచ్చాడు. మూడో చుట్టులో ఎడమ కాలు ఒకసారి మడతపడింది. నా పక్కనున్న రైతు కళ్లు మూసుకున్నాడు. నాలుగోది పూర్తయింది.

కంపెనీ మనిషి గడియారం జేబులో వేసుకుని బండి దగ్గరికి వచ్చాడు. "బండి మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు.

నర్సింలు ఆ తర్వాత మూడు చలికాలాలు ఆడాడు. యుద్ధంలో పెట్రోలు ఆగింది, పందేలూ ఆగాయి. అప్పటికి అతడు కర్నూలులో సొంతంగా మోటారు షాపు పెట్టుకున్నాడు. ఆ రోజు అతనికి దొరికింది ఏమిటో నాకు తెలుసు. ఆ ఆడవాళ్లకు పోయింది ఏమిటో కూడా తెలుసు. మర్నాడు పొద్దున మేము బస్సు కోసం నడుస్తుంటే వాళ్లు మలుపుల దగ్గర వంగి మళ్లీ అలుకుతున్నారు. నర్సింలు బండి నా చేతికిచ్చి, పక్కనున్న బిందె తీసుకుని నీళ్లు పోయసాగాడు. ఈదమ్మ వద్దనలేదు. ఆ బస్సు మాకు తప్పిపోయింది.

పందెం చూడబోయేవారికి ఒక్క మాట: మలుపు బయటి వైపు ఎంత మంచి చోటు దొరికినా నిలబడకండి. బండి అదుపు తప్పితే అటే వస్తుంది. తిన్నగా ఉండే బాట పక్కన, పదడుగుల వెనక నిలబడండి.