పాతదాన్ని ముందే పంపేశాను

లాల్‌పేట్ బొగ్గుగనిలో రిటైరయ్యాక పుస్తకాలు ముందేసుకుని నా అంతట నేనే కంప్యూటర్ నేర్చుకున్నాను. "ఈ వయసులో నీకెందుకు?" అన్నవాళ్ల మీద ఇప్పటికీ కోపమే. ఇక్కడి మరాఠీ బడుల్లో చదివే మా చర్చి పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అందుకే తెలుగు పాటలను మరాఠీ అక్షరాల్లో టైపు చేసి తెరమీద చూపించేవాణ్ణి.

కంప్యూటర్‌ను నడిపించే అసలు ప్రోగ్రామును కెర్నల్ అంటారు. స్విచ్ వేయగానే దాన్ని లేపేది బూట్‌లోడర్. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా బూట్‌లోడర్‌లో దాని పేరు చేత్తో రాయలేక, ఆ పని దానంతటదే జరిగేలా చిన్న ప్రోగ్రాము రాశాను. అది కొత్తదాన్ని ఎక్కించి, పాతదాన్ని తీసేస్తుంది.

ఈస్టర్ ముందురోజు కొత్త కెర్నల్ ఎక్కింది. పండగ పొద్దున చర్చి నిండా జనం. స్విచ్ వేస్తే కొత్తది సగంలోనే ఆగిపోయింది. తెర నల్లగా ఉంది, పిల్లలు నావైపే చూస్తున్నారు. కెర్నల్ చేసినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను.

గనిలో నీళ్లు తోడే పంపు దగ్గర నాతో పనిచేసిన పోశన్న అడిగాడు: "మరి పాతది ఏడున్నదే?"

"తీసేసిన."

"గదేంది రాజన్నా! షిఫ్టు మారంగ కొత్తోడొచ్చి పంపు అందుకోకముందే పాతోడు ఎన్నడన్న పైకొచ్చిండా? ముప్పై ఏండ్లు చేస్తివి, గిదే మరిస్తివా?"

ఆ రోజు పోశన్న ఒక్కో పంక్తీ ముందు పాడుతుంటే పిల్లలు వెనక అందుకున్నారు.

ఇప్పుడు నా ప్రోగ్రాము కొత్తది సరిగ్గా లేచాకే పాతదాన్ని తీస్తుంది. ముసలివాళ్లను పక్కన పెట్టొద్దని అందరితో పోట్లాడే నేనే ఆ పని ఎలా చేశానా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.