ఇద్దరికీ చెప్పిన ఉద్యోగం

ఆటలు మనుషుల్ని కలుపుతాయని ఎవరైనా వేదికెక్కి చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. అలా చెప్పేవాళ్లలో ఆట మీద బతికినవాళ్లు ఒక్కరూ కనబడరు. నేను బతికాను. ఆడింది మావారే అనుకోండి, కానీ ఇంట్లో ఒకరు ఆడితే ఇల్లంతా ఆడినట్టే. మట్టి కొట్టుకుపోయిన తెల్ల నిక్కర్లు రోజూ ఉతికి నీలిమందు పెట్టింది నేను. ముసురు పట్టినప్పుడు బ్యాటుకు అల్లిన నరాలు మెత్తబడతాయని దాన్ని పొయ్యి పక్కన బిడ్డలా కాచుకున్నదీ నేనే.

మాది కృష్ణా జిల్లా. అక్కడ బడి ఉన్న ప్రతి ఊళ్లోనూ బాల్ బ్యాడ్మింటన్ ఉండేది. మావారు చదువులో అంతంత మాత్రం, ఆటలో మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునేవి. హిమాయత్‌నగర్‌లో మోటారు పంపులు అమ్మే కంపెనీ ఒకటి ఉండేది. దానికో ఆటల క్లబ్బు, ఆ క్లబ్బుకో సెక్రటరీ. ఆయన బెజవాడ టోర్నమెంటులో మావారి ఆట చూసి, గుమస్తా ఉద్యోగం ఇస్తామని హైదరాబాదు తీసుకొచ్చాడు. టెంపరరీ ఉద్యోగమే. ఏటా కంపెనీల మధ్య జరిగే షీల్డు పోటీలయ్యాక దాన్ని పొడిగించేవారు. అంటే మావారి గుమస్తాగిరీ ఆయన భుజంలో ఉందన్నమాట. భుజం బాగుంటే ఉద్యోగం ఉంటుంది.

చిక్కడపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. కిరాయికిచ్చిన మా ఇంటావిడ హైదరాబాదు మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మావారు మధ్యాహ్నం మూడింటికే ఆఫీసు నుంచి వచ్చి బ్యాటు తీసుకుని మళ్లీ బయల్దేరడం చూసి ఆవిడకు ఆశ్చర్యం.

"ఏందమ్మా, ఆడుకుంటే జీతమిస్తరా? మా ఆయన గూడ పొద్దుగాల నుంచి పేకాట ఆడుతనే ఉన్నడు. జర మీ సారుకు చెప్పి ఆయనకు గూడ ఏమన్న జూడరాదు?" అనేది.

నవ్వుకునేవాళ్లం. ఆ రోజుల్లో నవ్వు సులువుగానే వచ్చేది.

వాళ్ల కంపెనీ జట్టు అశోక్‌నగర్‌లో ఇంకా ఇళ్లు కట్టని ఖాళీ జాగాలో ఆడేది. బాల్ బ్యాడ్మింటన్‌లో పసుపుపచ్చ ఉన్ని బంతి నేల తాకకూడదు, తాకితే పోయినట్టే. జట్టుకు ఐదుగురు. వెనక వరసలో ఇద్దరుంటారు. వాళ్ల మధ్యకొచ్చిన బంతి ఎవరిదన్నది కన్ను మూసి తెరిచేలోగా తేలిపోవాలి. అందుకని తీసుకునేవాడు "నాది" అని అరుస్తాడు. అరిచాడంటే రెండోవాడు మారుమాట లేకుండా తప్పుకోవాలి. ఆ ఒక్క మాట మీద నమ్మకం లేకపోతే ఇద్దరి బ్యాట్లూ గుద్దుకుంటాయి, లేదంటే బంతి మధ్యలో పడుతుంది.

వెనక వరసలో మావారి పక్కన ఆడేవాడు పాలమూరు మనిషి. కంపెనీ గోడౌను కడుతున్నప్పుడు కూలికొచ్చి, పనయ్యాక సరదాగా బ్యాటు పట్టుకుంటే సెక్రటరీ కంట్లో పడ్డాడు. అటెండరుగా పెట్టుకున్నారు, అతనిదీ టెంపరరీయే. అశోక్‌నగర్ దాటాక ఉన్న బస్తీలో కాపురం. అతని భార్య ఇంకా సిమెంటు మాలు మోసే కూలిపనికే వెళ్లేది. మ్యాచ్ ఉన్న రోజున మేమిద్దరం గ్రౌండు పక్కన ఇటుకల కుప్ప మీద కూర్చునేవాళ్లం. నేను పల్లీలు వేయించి తీసుకెళితే ఆమె జొన్నరొట్టె ముక్క తెచ్చేది. అతను మావారిని అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. వాళ్లిద్దరూ ఆడుతుంటే "నాది", "నాది" అన్న కేకలు తప్ప వేరే మాట వినబడేది కాదు. ఇద్దరి యాసలూ వేరు, ఆ ఒక్క మాటలో మాత్రం తేడా ఉండేది కాదు.

మొదటి ఏడాది షీల్డు గెలిచారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. షీల్డు అందిస్తున్న ముఖ్య అతిథి నిండుగా పడ్డాడు, పక్కన సెక్రటరీ పళ్లన్నీ పడ్డాయి, షీల్డు పట్టుకున్న మావారి చేతులు మాత్రం మణికట్టు దాకా పడ్డాయి. ఊళ్లో మా అత్తగారు ఆ చేతులకే ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నారు.

తర్వాత అరవై తొమ్మిది వచ్చింది. తెలంగాణ ఉద్యమం మొదలైంది. కాలేజీలు మూతబడ్డాయి, నారాయణగూడ చౌరస్తాలో ఎప్పుడు రాళ్లు లేస్తాయో, ఎప్పుడు పోలీసులు దిగుతారో తెలిసేది కాదు. ఇక్కడివాళ్ల కోపం ఊరికే రాలేదని నాకు అప్పుడే తెలుసు. తమ ఊళ్లో ఉద్యోగాలు మాలాంటివాళ్లు వచ్చి కూర్చుని చేస్తుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు? కానీ రాయి పడేటప్పుడు న్యాయాన్యాయాలు చూసుకుని పడదు కదా. మాట మొదలుపెడితే చాలు, మేం ఎక్కడివాళ్లమో తెలిసిపోయేది. కూరగాయల బండి దగ్గర నేను నోరు విప్పకుండా వేలితో చూపించి కొనుక్కునేదాన్ని.

ఆ రోజుల్లో పాలమూరు తమ్ముడు రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి, మావారిని వెంటబెట్టుకుని గ్రౌండుకు తీసుకెళ్లేవాడు, చీకటి పడకముందే తెచ్చి దిగబెట్టేవాడు. ఒకరోజు చౌరస్తా దగ్గర ఎవరో కుర్రాళ్లు అడ్డగించి "ఏ ఊరురా నీది?" అని మావారిని అడిగారట. ఆయన నోరు తెరిచేలోపు ఇతను ముందుకొచ్చి, "మా అన్న, నాతోని పనిచేస్తడు. మీకేంది జెప్పుండ్రి" అన్నాడట. అయినా ఒక రాయి వచ్చింది. అది తగిలింది అతని మోచేతికి. ఆ రాత్రి నేను పసుపు వేసి కట్టు కట్టాను. "ఏం గాదు వదినా, ఎడమచెయ్యే గదా, బ్యాటు పట్టేది కుడిచేత్తోని" అని నవ్వాడు.

గొడవల వల్ల షీల్డు పోటీలు వానాకాలం వెళ్లాక పెడతామన్నారు. అప్పుడు సెక్రటరీ ఒక పని చేశాడు. మావారిని గదిలోకి పిలిచి తలుపేసి, "ఈసారి ఒక పోస్టు పర్మనెంటు చేస్తారయ్యా. హెడ్డాఫీసు మద్రాసులో ఉంది, వాళ్లకు ఈ లోకల్ గొడవలు పట్టవు. ఆట చూస్తారంతే. నీదే అనుకో. రెండోవాడితో మాత్రం అనకు" అన్నాడు. మావారు ఇంటికొచ్చి నాతో చెప్పారు. ఆ వారమంతా మేం నేల మీద నడవలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పర్మనెంటు అయ్యాక ఎక్కడ ఇల్లు చూసుకోవాలో కూడా మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత ఇటుకల కుప్ప మీద కూర్చున్నప్పుడు పాలమూరు తమ్ముడి భార్య నా చెవి దగ్గరికొచ్చి అంది. "అక్కా, నీకొక్కదానికే జెప్తున్న. మా ఆయనకు పర్మనెంట్ అయితదట. సెక్రటరీ సారే పిలిచి చెప్పిండు. గీ గొడవలల్ల లోకల్ వాళ్లకే ఇయ్యాల్నట. ఇగ నేను మాలు మొయ్యుడు బందు."

ఆమె మొహంలో ఉన్న సంతోషం చూస్తూ పల్లీల పొట్లం ఆమె చేతిలో పెట్టాను. రెండిళ్లకు ఒకే ఉద్యోగం చెప్పాడని అప్పటికప్పుడే అర్థమైంది నాకు. ఇంటికొచ్చి మావారికి అదే చెప్పాను. "ఆయన ఇద్దరినీ ఆడిస్తున్నాడండీ. మీరిద్దరూ కలిసి వెళ్లి అడగండి" అన్నాను. ఆయన వినలేదు. ఆటగాడికి సెక్రటరీ అంటే దేవుడు. సెక్రటరీ అబద్ధం చెప్పాడనుకోవడం కంటే, పక్కవాడు తెలంగాణ పేరు చెప్పుకుని వెనక నుంచి నరుక్కొస్తున్నాడనుకోవడమే ఆయనకు సులువైంది.

మర్నాడు సాయంత్రం అతను ఎప్పటిలాగే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"నువ్వు రానక్కర్లేదు, దారి నాకు తెలుసు" అన్నారు మావారు.

"ఏందన్నా గట్లంటవ్? చౌరస్తల మంది ఉన్నరు."

"నీకేం, నువ్వు లోకల్. ఉద్యోగాలన్నీ మీకే కదా ఇప్పుడు."

అతనికి ఆ మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మొహం నల్లబడిపోయింది. "రాయికి అడ్డమొచ్చిన నాడు నేను లోకల్ గాదా అన్నా?" అన్నాడు. వెళ్లిపోయాడు. మా ఇంటావిడ అరుగు మీద నుంచి అంతా విన్నది. "నీ మొగనికి నోరు మంచిగ లేదమ్మా" అని లోపలికి పోయింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఫైనలు నారాయణగూడ వైపు ఒక బడి ఆవరణలో జరిగింది. ఆడవాళ్లకు ఒక పక్కగా బెంచీలు వేశారు. ఆమె ఒక చివర కూర్చుంది, నేను ఇంకో చివర కూర్చున్నాను. ఒక గేము మావాళ్లు గెలిచారు, ఒకటి పోయింది. మూడోది పోటాపోటీగా నడిచింది. ఇద్దరూ అంతకు ముందెప్పుడూ ఆడనంత బాగా ఆడారు, ఎవరి వైపు బంతి వాళ్లే తీశారు. కానీ వెనక వరస నుంచి ఒక్క కేక లేదు. అవతలి జట్టువాడికి అది అర్థమైపోయింది. సందు చూసి కొట్టడం ఆటగాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇక వరసగా ఆ ఇద్దరి నడుమకే కొట్టడం మొదలుపెట్టాడు. మొదటిసారి ఇద్దరి బ్యాట్లూ ఠప్పున తగులుకున్నాయి. తర్వాత ఇద్దరూ ఆగిపోయారు. చివరి బంతి ఏమంత వేగంగా రాలేదు. పసిపిల్లాడికి అందించినట్టు మెల్లగా వచ్చి, ఇద్దరూ చూస్తుండగా మధ్యలో నేల మీద పడింది.

సెక్రటరీ జనం ముందే ఇద్దర్నీ నిలబెట్టి తిట్టాడు. "మీ ఆంధ్రా తెలంగాణ పంచాయితీ నా షీల్డు మీద పెట్టుకున్నారేంరా" అన్నాడు. పంచాయితీ పెట్టినవాడు ఆయనే. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఈ పిల్లి తీర్చడమే కాదు, పోరు కూడా తనే పెట్టింది.

కొన్నాళ్లకు ఇద్దరినీ వద్దన్నారు. మావారు చివరిసారి ఆఫీసుకు వెళ్లినప్పుడు సెక్రటరీ కూర్చోబెట్టి టీ తెప్పించాడట. గొంతైనా తగ్గించకుండా చెప్పాడట. "పోస్టు ఎక్కడుందయ్యా? బాల్ బ్యాడ్మింటన్ ఆపేయమని మద్రాసు వాళ్లు ఎండాకాలంలోనే చెప్పారు. మీ ఆటకు పేపర్లో నాలుగు లైన్లు కూడా రావు. అదే క్రికెట్టయితే రేడియోలో, పేపర్లో కంపెనీ పేరు మోగిపోతుంది. నలుగురు క్రికెటర్లను తీసుకుంటున్నాం. పోయే ముందు ఒక్క షీల్డు తెస్తే నా పరువు దక్కుతుందని మీకలా చెప్పాను. ఆటన్నాక ఉత్సాహం ఎక్కించాలి కదా."

ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య.

"ఆ టీ మీకెలా దిగిందండీ?" అన్నాను.

"అప్పటికే చల్లారిపోయింది. ఒక్క గుక్కలో తాగేశాను" అన్నారు. ఆ మనిషికి కోపం రాదు. వస్తే గిస్తే, రావలసిన చోట తప్ప ఇంకెక్కడైనా వస్తుంది.

మావారు హిమాయత్‌నగర్‌లోనే ఒక ఎలక్ట్రిక్ సామాన్ల కొట్లో కుదిరారు. చివరి జీతంతో ఒక ట్రాన్సిస్టరు కొన్నారు. ఆదివారాలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోడకానుకుని కూర్చునేవారు.

ఆ చలికాలం ఒక ఆదివారం అశోక్‌నగర్ మీదుగా వస్తుంటే, మావాళ్లు ఆడిన జాగాలో పునాదులు తీస్తున్నారు. పాలమూరు తమ్ముడు తట్ట నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చాడు. ఆ వెనకే అతని భార్య. నన్ను చూసి ఆమె తల తిప్పుకుంది. అతను ఆగాడు. "అన్న మంచిగున్నడా వదినా?" అని అడిగాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సెక్రటరీ చెప్పిందంతా అక్కడే చెప్పేశాను. అతను తట్ట దించి విన్నాడు. పని దిగాక మా ఇంటికి రమ్మన్నాను. ఆమె రానంది. అతను మాత్రం సాయంత్రం కాళ్లు కడుక్కుని వచ్చాడు.

వాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారనుకున్నాను. కనీసం సెక్రటరీని నాలుగు తిడతారనుకున్నాను. మావారు జరిగి చాప మీద చోటిచ్చారు. అతను కూర్చున్నాడు. ట్రాన్సిస్టరులో ఏదో టెస్టు మ్యాచ్ వస్తోంది, ఇంగ్లీషులో ఎవరో గడగడా చెప్పుకుపోతున్నాడు. అతనికి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. మావారు మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. వికెట్టంటే ఏమిటో, ఓవరంటే ఏమిటో చేతులతో చూపించారు. అతను ముందుకు వంగి శ్రద్ధగా విన్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

రేడియోలో జనం గోలపెట్టారు. ఎవరో అవుటయ్యాడు. ఇద్దరూ ఒక్కసారే చప్పట్లు కొట్టారు.

"ఇంగ రెండు పడితే మనం గెలుస్తం గదన్నా?" అన్నాడు అతను.

"ఆ, గెలుస్తాం" అన్నారు మావారు.

మా రెండిళ్ల అన్నంగిన్నె తన్నేసిన ఆట అది. ఆ గెలుపులో తమ ఇద్దరికీ వాటా ఉందని వాళ్లెలా అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గ్లాసులు వాళ్ల ముందు పెట్టి, వంటింట్లోకి వచ్చి, వాళ్లకు వినబడకుండా ఏడ్చాను.