కాజాలు లేని చొక్కాలు

ఆ ఇంట్లో చొక్కా ఒక్క చేతిమీద తయారయ్యేది కాదు. పెద్దకోడలు మిషను మీద కుట్టేది. దారం తెంపి, తల తిప్పకుండానే ఎడమవైపుకు విసిరేది. కిటికీ కింద చాప మీద కూర్చున్న చిన్నకోడలి ఒళ్లో అది పడేది. చిన్నకోడలు గుండీలు పట్టే కాజాలు కోసి, వాటి చుట్టూ చేత్తో దారం అల్లి, గోడవారకు పెట్టేది. సాయంత్రం పెద్దకోడలి భర్త పనినుంచి వచ్చి, టీ తాగి, టీవీ ముందు కూర్చుని గుండీలు కుట్టేవాడు. ఇంట్లో ఆయన్ని గుండీల ఆఫీసరు అనేవారు. మూట కట్టి స్కూటరు మీద బట్టల కొట్టుకు చేర్చేదీ ఆయనే. అన్నీ బడిపిల్లల చొక్కాలే, ఒకటే తెలుపు.

వాళ్లిద్దరూ తోడికోడళ్లంటే కొత్తవాళ్లు నమ్మేవారు కాదు. అలాగని పోట్లాడుకోలేదని కాదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకరు, దువ్వెన తీసినచోట పెట్టలేదని ఒకరు మూతులు ముడుచుకున్న రోజులు బోలెడు. ఎంత అలిగినా చొక్కా విసరడం మాత్రం ఆగేది కాదు, అందుకోవడమూ ఆగేది కాదు. కోపంగా ఉన్ననాడు పెద్దకోడలు కాస్త గట్టిగా విసిరేది, అంతే. చొక్కా ఏం చేసిందక్కా పాపం, అని చిన్నది అనేసరికి నవ్వొచ్చేసేది. కూర్చున్నచోటునుంచి కదలక్కర్లేని పని నీది, అని పెద్దది దెప్పితే చిన్నది ఊరుకునేది కాదు.

"నువ్వు గుమ్మాల్లేని ఇల్లు కట్టేసి చేతులు దులుపుకుంటావు. గుమ్మాలు పెట్టేది నేను కాదూ?"

ఆ చిన్నకోడలు వానలు పడకముందే జ్వరంతో పోయింది. మామూలు జ్వరమేలే అనుకున్నారు. ఆసుపత్రికి తన కాళ్లమీద నడిచి వెళ్లిన మనిషి మళ్లీ నడిచి రాలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా వెళ్లాక ఒకరోజు పెద్దకోడలు మిషను ముందు కూర్చుంది. ఒక చొక్కా కుట్టి, దారం తెంపి, అలవాటుకొద్దీ ఎడమవైపుకు విసిరింది. అది నేలమీద పడింది. పలచటి గుడ్డ పడితే చప్పుడెంత ఉంటుంది? అయినా ఆ చప్పుడు ఆమెకు వినపడింది. మిషను మీద దుప్పటి కప్పి లేచిపోయింది.

ఆ తర్వాత వంట చేసేది, గిన్నెలు తోమేది, ఉతికిన బట్టలనే మళ్లీ ఉతికేది. మిషను జోలికి మాత్రం పోయేది కాదు. సూది విరిగిందని ఒకనాడు, కళ్లు మండుతున్నాయని ఒకనాడు ఏదో ఒకటి చెప్పేది. మొగుడు పోయినవాళ్లే ఈపాటికి లేచి తిరుగుతారు, తోడికోడలి కోసం ఇంత దిగులేమిటమ్మా విడ్డూరం, అంది పక్కింటావిడ. భార్య పోయిందని మరిది మంచం పట్టినా ఎవరూ తప్పు పట్టరు. ఆయన నోరు మెదపకుండా తిని, తన గదిలోకి వెళ్లిపోతున్నాడు. తోడికోడలు పోయినదాని ఏడుపుకు మాత్రం పీట వేసేవాళ్లు లేరు.

ఈలోగా కొట్టాయన కబురు పెట్టాడు. బడులు తెరిచేరోజు దగ్గరపడింది, వీలుకాకపోతే గుడ్డ తిరిగిచ్చేయమన్నాడు. భర్త ఆమెను ఏమీ బలవంతపెట్టలేదు. నీకు చేతకాకపోతే చెప్పు, ఇచ్చేసి వస్తాను, అన్నాడు. ఒకసారి తిరిగి వెళ్లిన మూట మళ్లీ ఈ గడప తొక్కదు. ఆ పనే లేకపోతే చిన్నది కూర్చున్న చోటు కిటికీ కింద ఉత్త నేల అయిపోతుంది.

మర్నాడు దుప్పటి తీసింది. మనసు పెట్టి కాదు, పళ్లబిగువున కుట్టింది. ఎడమవైపుకు విసరలేదు. ఒక్కోటీ మడిచి కుడివైపు పెట్టింది. సాయంత్రం భర్త ఆ దొంతర తీసుకుని, ఆమె సుద్దముక్కతో గుర్తు పెట్టిన చోటల్లా గుండీలు కుట్టాడు. మూట కట్టి కొట్టులో ఇచ్చి వచ్చాడు.

రెండోరోజు పొద్దున్నే కొట్టాయన మూటతో సహా గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చొక్కా తీసి ఆమె ముందు పరిచాడు.

"చెల్లెమ్మా, దీన్ని తొడుక్కోవడం ఎలాగో కాస్త నువ్వే చూపించు."

ఒకవైపు గుండీలు ముత్యాల్లా వరసగా ఉన్నాయి. రెండోవైపు గుడ్డ నున్నగా ఉంది. ఒక్క కాజా లేదు. మూట విప్పి చూస్తే అన్నీ అంతే. గుర్తు ఉన్నచోట గుండీ పెట్టాను, నాకేం తెలుసు, అని గొణిగాడు గుండీల ఆఫీసరు. ముందుగా నవ్వింది మరిది. భార్య పోయాక ఆయన నోట వినపడిన మొదటి చప్పుడు అది. ఆ నవ్వు మధ్యలోనే బొంగురుపోయింది.

"తను ఉందనుకునే కుట్టారు వదినా మీరంతా," అన్నాడు.

పెద్దకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొట్టాయన కూడా తల దించుకున్నాడు. బజారులో కాజాల మిషను ఉందనీ, పూటలో అయిపోతుందనీ మెల్లగా చెప్పాడు.

"వద్దన్నయ్యా. నేనే వేస్తాను."

"నీకు వచ్చా?"

"రాదు."

ఆయన మూట అక్కడే వదిలి వెళ్లాడు.

పాత గుడ్డపేలిక మీద మొదటి కాజా వేసింది. పళ్లూడిన నోరులా వంకరగా వచ్చింది. రెండోది విడిపోయింది. ఇన్నేళ్లు పక్కనే జరిగిన పనిని తను ఓరకంట తప్ప చూడలేదు. దండెం మీదున్న, ఇంట్లోనే కుట్టిన భర్త చొక్కా తెచ్చి, చిన్నది అల్లిన కాజాను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. దారం ఎక్కడ మొదలైందో అంతుపట్టలేదు. తెలియాలంటే విప్పాలి. ప్యాంటు లోపలికి పోయే అడుగు కాజా ఎంచుకుని, బ్లేడు పట్టుకుని అలా కూర్చుండిపోయింది.

"ఒకటి పోతే ఏమైంది? ఇంకా ఉన్నాయిగా," అన్నాడు భర్త.

"ఇక కొత్తవి రావుగా అండీ."

ఆ మాట అన్నాకే కోసింది. అల్లిక ఊడివస్తుంటే అడుగున రెండు పోగులు బయటపడ్డాయి. ముందు అంచువెంట వాటిని పరిచి, వాటిమీద అల్లేదన్నమాట. బిగువంతా ఆ కనపడని పోగులదే.

మిషను దగ్గర వెలుతురు చాలక, లేచి వెళ్లి కిటికీ కింద చిన్నదాని చాప మీద కూర్చుంది. అక్కడినుంచి చూస్తే మిషను ముందు కూర్చున్న మనిషి మొహం పక్కనుంచి తేటగా కనపడుతుంది. చిన్నది రోజూ అదే చూస్తూ కుట్టిందన్నమాట. కాజాలు ఒకదాని వెనక ఒకటి, మెల్లగా, కాస్త తిన్నగా వచ్చాయి. భర్త చొక్కా అడుగు కాజా కూడా తనే మళ్లీ అల్లింది. అది వంకరగానే ఉంది. పరవాలేదు, లోపలికి పోతుంది.

కొట్టాయన ఇంకో మూట పంపాడు. పెద్దకోడలు ఎడమవైపు నేలంతా తుడిచి శుభ్రమైన దుప్పటి పరిచింది. ఇప్పుడు మళ్లీ అటే విసురుతోంది. దొంతర పెరిగాక మోకాళ్లు పట్టుకుని లేచి, వెళ్లి ఆ చాప మీద కూర్చుంటుంది. చప్పుడు అలవాటైందా అంటే కాలేదు. చొక్కా కింద పడినప్పుడల్లా మిషను తొక్కే కాలు ఒక్క క్షణం ఆగుతుంది. మళ్లీ తొక్కుతుంది.